బంగారంలాంటి టైర్లు... మారుద్దామా?

వేసవి మొదట్లో ఓ ఆదివారం పొద్దున్న... కూర్మన్నపాలెంలో మా నాన్నగారింటి వాకిట్లో కారు కడుగుతున్నాం. 'కడుగుతున్నాం' అంటే, నాన్న కడుగుతుంటే మేమంతా చూస్తున్నాం అని అర్థం! ఆ కారు మీద ఇంకొకరి చెయ్యి పడితే ఆయనకి నచ్చదు. వచ్చే వారం అందరం కలిసి అన్నవరం వెళ్లాలి. అమ్మానాన్నల పెళ్లయి నలభై అయిదేళ్లయిందని సత్యనారాయణస్వామి వ్రతం పెట్టుకున్నాం.

మావాడికి ఏడేళ్లు. ఈమధ్యే అంకెల పిచ్చి పట్టుకుంది. బస్సు నంబరు, కరెంటు మీటరు, గ్యాస్ సిలిండరు... ఏది కనిపిస్తే అది చదివెయ్యాల్సిందే. ముందు చక్రం దగ్గర గొంతుక్కూచుని, 'తాతయ్యా, ఇక్కడ మూడువేల ఆరువందల పద్నాలుగు అనుంది, ఏంటది?' అనడిగాడు.

'కంపెనీవాడి లెక్కలేవో ఉంటాయిరా' అన్నారు నాన్న, తుడవడం ఆపకుండా.

నాకూ తెలీదు. పదేళ్లకు పైగా పత్రికలో పనిచేస్తున్నాను, అయిదేళ్లుగా కారు నడుపుతున్నాను. అయినా ఏనాడూ ఆ అంకెల వంక చూసిన పాపాన పోలేదు. ఆఫీసులో వాహనాల పేజీ చూసే మిత్రుడికి ఫోన్ చేశాను. ఆయన నవ్వి, 'అది టైరు పుట్టినరోజు! 2014వ సంవత్సరం, 36వ వారం' అన్నాడు. అక్కడితో ఊరుకోలేదు. 'ఆ టైర్లు ఇంకా వాడుతున్నారా?' అని ఎదురు ప్రశ్న వేశాడు.

లెక్కేశాను. 36వ వారమంటే సెప్టెంబరు మొదట్లో. హుద్‌హుద్ తుపాను విశాఖని ఊడ్చేసింది అదే ఏడాది అక్టోబరు 12న. అంటే మా కారు టైర్లు హుద్‌హుద్ కంటే అయిదు వారాలు పెద్దవన్నమాట! వాటికి పదేళ్లు ఎప్పుడో నిండిపోయాయి.

ఆ సంగతి చెబితే నాన్న పకపకా నవ్వారు. స్టీలుప్లాంటులో రిటైరైన ఏడాదే, తుపాను వెళ్లిన రెండు నెలలకి ఆయన కొనుక్కున్న కారది. ఇన్నేళ్లలో తిరిగింది ఇరవై తొమ్మిది వేల కిలోమీటర్లు. రైతుబజారు, గుడి, పెళ్లిళ్లు, అప్పుడప్పుడూ బీచిరోడ్డు... అంతే. 'ఏటమ్మా, బంగారంలాంటి టైర్లు! ఇదిగో చూడు' అంటూ అగ్గిపుల్ల తీసి టైరు గాడిలో పెట్టి చూపించారు. నిజమే, గాడి బాగానే లోతుగా ఉంది. పైన నలుపు నిగనిగలాడుతోంది. 'అరగని టైరు తీసి పారేస్తారటే ఎవరైనా? పదహారు వేలు చెట్లకి కాస్తున్నాయా?'

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నేనూ ఆ ఇంట్లోనే పెరిగాను. పాడవని వస్తువుని పారెయ్యడం మా ఇంట్లో తప్పు కింద లెక్క. అమ్మ వాడే ఇస్త్రీపెట్టె వయసు నా వయసంత! మీలో చాలామంది ఇళ్లలోనూ ఇదే పద్ధతి కదూ? అది మంచి పద్ధతే. కానీ, టైరు విషయంలో ఆ లెక్క సరిపోతుందా? అన్నవరం ప్రయాణానికి ఇంకా ఆరు రోజుల టైముంది. ఈలోగా తెలుసుకుందామని కూర్చున్నాను.

వాడకపోయినా వయసాగదు

ముందుగా మీ ఇంట్లో సొరుగు తెరవండి. ఎప్పుడో నాలుగైదేళ్ల క్రితం పడేసిన రబ్బరుబ్యాండు ఒకటి దొరుకుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. పట్టుకుని సాగదీయండి... పుటుక్కున తెగుతుంది! దాన్నెవరూ వాడలేదు, అరగదీయలేదు. మరెందుకు తెగినట్టు? కుక్కర్ గ్యాస్కెట్టూ అంతే. చిరగదు, అరగదు. కానీ కొన్నాళ్లకి బిగుసుకుపోయి పక్కల నుంచి ఆవిరి వదిలేస్తుంది. గ్యాస్ పొయ్యికి పెట్టే సురక్ష పైపుని అయిదేళ్లకోసారి మార్చమంటారు. పైపు బాగానే ఉందిగా అని మనం వాదించం. మార్చేస్తాం.

టైరు కూడా ఆ జాతిదే. రబ్బరు అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువుల సముదాయం. పచ్చి రబ్బరు ఎండకి జిగురుగా, చలికి పెళుసుగా అయిపోతుంది. దానికి గంధకం కలిపి వేడిచేస్తే ఆ గొలుసుల మధ్య వంతెనలు ఏర్పడి గట్టిదనం, సాగేగుణం రెండూ వస్తాయని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. టైర్ల పరిశ్రమ మొత్తం ఆ వంతెనల మీదే నిలబడి ఉంది. అయితే గాల్లోని ఆక్సిజన్‌కి, వేడికి ఆ గొలుసుల్లో మార్పు వస్తూనే ఉంటుంది. వంతెనలు పెరిగేకొద్దీ రబ్బరు బిగుసుకుపోతుంది, గొలుసులు తెగేకొద్దీ బలం తగ్గుతుంది. ఇక ఓజోన్ ఉందే, అది పైపైన సన్నటి పగుళ్లు తెప్పిస్తుంది.

ఇదంతా టైరు కంపెనీలకి తెలియంది కాదు. అందుకే రబ్బరులో రక్షణ రసాయనాలూ, ఒక రకం మైనమూ కలుపుతాయి. చక్రం తిరుగుతూ టైరు వంగి లేస్తున్నప్పుడు ఆ మైనం కొద్దికొద్దిగా పైకి వచ్చి పూతలా కాపాడుతుంది. ఇక్కడే ఉంది అసలు తిరకాసు. కారు తిరగకపోతే ఆ మైనం పైకి రావడం తగ్గిపోతుంది! 'మా కారు బయటికి తీసేదే తక్కువండీ, టైర్లు కొత్తవాటిలా ఉన్నాయి' అని మురిసిపోతాం. నిజానికి నెలల తరబడి ఒకేచోట ఎండలో నిలబెట్టిన కారు టైరుకే పగుళ్ల బెడద ఎక్కువ.

బయట కనిపించేది సగమే. టైరు లోపల గాలిని మనం ఒత్తిడితో నింపుతాం కదా, అందులోని ఆక్సిజన్ లోపలి పొరల్లోంచి మెల్లగా బయటికి దారి వెతుక్కుంటుంది. ఆ దారిలో ఉక్కు తీగల పట్టీల అంచుల దగ్గరుండే రబ్బరుని గట్టిపరుస్తూ పోతుంది. రేడియల్ టైరులో పైతొడుగు కింద ఉండేవి ఆ ఉక్కు పట్టీలే. రబ్బరుకీ ఉక్కుకీ మధ్య పట్టు సడలితే పైపొర లేచిపోతుంది. ఆ సడలింపు బయటికి కనిపించదు, అగ్గిపుల్లకి అందదు. ఇక ఎక్కడైనా కోతపడి తేమ లోపలి ఉక్కుదాకా చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు గురించి విశాఖవాళ్లకి కొత్తగా చెప్పాలా? సముద్రగాలికి మన కిటికీ చువ్వలు ఏమవుతాయో, గేటు బోల్టులు ఏమవుతాయో రోజూ చూస్తున్నదే!

ఎండ పెంచే వయసు

'ఇవన్నీ భయపెట్టే మాటలు. టైర్లు అమ్ముకోడానికి కంపెనీలు చెప్పే కబుర్లు' అన్నారు నాన్న, రెండోరోజు ఫోన్లో. ఆ అనుమానం నాకూ వచ్చింది. అందుకే కంపెనీలని పక్కనపెట్టి, ప్రభుత్వాలేమన్నాయో చూశాను.

2000 సంవత్సరంలో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిపించింది. నడుస్తుండగా పైపొర ఊడిపోయి కార్లు బోల్తాపడుతున్నాయని! అవి మరీ పాత టైర్లేం కావు. కానీ ఆ గొడవ తర్వాతే అక్కడి రహదారి భద్రతా సంస్థ టైరు లోపల ఏం జరుగుతుంది, వయసూ వేడీ కలిస్తే ఏమవుతుంది అని లోతుగా పరిశీలించడం మొదలుపెట్టింది. ఓ పెద్ద బీమా కంపెనీకి 2002 నుంచి 2006 వరకూ వచ్చిన క్లెయిముల లెక్క ఆ సంస్థకి దొరికింది. టెక్సాస్, కాలిఫోర్నియా, లూసియానా, ఫ్లోరిడా, అరిజోనా... అన్నీ ఎండ రాష్ట్రాలే. ఆ కంపెనీ పాలసీదారుల్లో అక్కడున్నది 27 శాతం మంది. టైర్లకు సంబంధించిన క్లెయిముల్లో మాత్రం 77 శాతం అక్కడివే! వాటిలో 84 శాతం ఆరేళ్లు దాటిన టైర్లవి.

ఆ లెక్క చదివాక నేను కాసేపు అలాగే ఉండిపోయాను. చెప్పుల్లేకుండా రోడ్డు మీద అడుగుపెట్టలేని ఎండలు మనవి. మా నాన్న కారు ఆ ఎండలోనే, అదే చోట పదేళ్లుగా ఉంది.

రెండో సంగతి ఇంగ్లండ్‌లో జరిగింది. 2012 సెప్టెంబరులో సంగీతోత్సవం చూసి ఇళ్లకి తిరిగి వెళుతున్న కుర్రాళ్ల బస్సు ఒకటి హైండ్‌హెడ్ దగ్గర అదుపుతప్పి చెట్టుని గుద్దుకుంది. డ్రైవరుతో సహా ముగ్గురు పోయారు. ముందు చక్రం టైరు పేలిపోయింది. విచారణలో తేలిందేమిటంటే ఆ టైరు వయసు 19 ఏళ్ల పైమాటే. బస్సుకంటే టైరే పెద్దది! గాడి మాత్రం చట్టం చెప్పినంత లోతు ఉంది. అంటే, కాగితాల ప్రకారం అది 'మంచి టైరు'.

చనిపోయిన కుర్రాళ్లలో ఒకరి తల్లి ఊరుకోలేదు. టైరుకి వయసు హద్దు పెట్టాలంటూ ఏళ్ల తరబడి తిరిగింది. చివరికి 2021 ఫిబ్రవరి 1 నుంచి అక్కడ చట్టం వచ్చింది. లారీలు, బస్సుల ముందు చక్రాలకి పదేళ్లు దాటిన టైర్లు వాడకూడదు. మినీబస్సులకైతే ఒంటి చక్రాలన్నిటికీ అదే నియమం.

మన దగ్గర మోటారు వాహనాల నిబంధనలు టైరు గాడి లోతు గురించి చెబుతాయి. కారుకైతే కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. కారు టైరు వయసుకి మాత్రం హద్దు లేదు. కాబట్టి పోలీసు ఆపడు, జరిమానా పడదు. నిర్ణయం మనదే.

ఇంతకీ ఎన్నేళ్లు?

ఈ ప్రశ్నకి అందరూ ఒకే జవాబు చెప్పరు. అది ముందే ఒప్పుకోవాలి. ఆరేళ్లు దాటితే మార్చెయ్యండి అంటాయి కొన్ని కార్ల కంపెనీలు. అయిదేళ్లు నిండాక ఏటా ఓసారి నిపుణుడికి చూపించండి, తయారై పదేళ్లయితే మాత్రం ఎంత బాగున్నా తీసెయ్యండి అంటుంది మిషెలిన్. కాంటినెంటల్ కూడా పదేళ్లే హద్దంటుంది. ఆరేళ్లు దాటిన ప్రతి టైరూ రేపే పేలిపోతుందని కాదు. నీడలో ఉంచి, గాలి సరిచూసుకుంటూ, రోజూ తిరిగే కారు టైరు ఏడెనిమిదేళ్లు కూడా బాగానే ఉండొచ్చు. ఎండలో పడి ఉండే కారుది అయిదేళ్లకే బీటలివ్వచ్చు.

నాకు అర్థమైంది ఇదీ... అయిదేళ్లదాకా గాడి చూడండి, గాలి చూడండి. అయిదు దాటాక తేదీ కూడా చూడండి, ఏటా తెలిసినవాడికి చూపించండి. ఆరు, పది మధ్య మీ ఎండ, మీ రోడ్డు, మీ ప్రయాణాలని బట్టి నిర్ణయించుకోండి. పదేళ్లు దాటితే ఇక చర్చ అనవసరం.

వయసు మళ్లిన టైరు మాట్లాడకుండా ఉండదు. చెవి పెట్టి వినేది మనమే. పక్కగోడ మీద సన్నటి పగుళ్లు, గాడి అడుగున చీలికలు, ఎక్కడైనా చిన్న ఉబ్బు, మునుపు లేని అదురు, పదేపదే గాలి దిగిపోవడం... ఇవన్నీ దాని మాటలే. ఉబ్బు కనిపిస్తే మాత్రం వయసు లెక్కెయ్యకండి, వెంటనే మార్చండి. ఇంకో సంగతి... బిగుసుకుపోయిన రబ్బరు తడిరోడ్డుని సరిగా పట్టుకోలేదు. పేలకపోయినా, తొలకరి జల్లుకి బీచిరోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు కారు నాలుగడుగులు ముందుకెళ్లి ఆగుతుంది. ఆ నాలుగడుగుల్లో ఎవరున్నారన్నదే ప్రశ్న.

మా అన్నవరం ప్రయాణం సంగతి చూడండి. పోనూ రానూ దాదాపు 200 కిలోమీటర్లు. కార్లో అయిదుగురం, పైగా సామాను. మధ్యాహ్నం ఎండ, జాతీయ రహదారి మీద గంటకి తొంభై కిలోమీటర్ల వేగం. బరువు, వేడి, వేగం... పాత టైరుకి పడనివి ఈ మూడే. రైతుబజారుకి వెళ్లొచ్చినంత కాలం ఏ టైరూ ఫిర్యాదు చెయ్యదు. ఏడాదికోసారి ఊరెళ్లినప్పుడే దాని అసలు పరీక్ష. ఆ రోజునే ఇంటిల్లిపాదీ కార్లో ఉంటారు!

స్లింగు చెప్పిన నిజం

ఇవన్నీ చెప్పినా నాన్న కరగలేదు. 'రోజుకెంత పడుతుందో చూడండి నాన్నా. పదహారు వేలు, ఆరేళ్లనుకుంటే రోజుకి ఏడు రూపాయల చిల్లర. సెంటర్‌లో టీ కూడా రాదు' అన్నాను. 'ఆ లెక్కన అన్నీ చవకే' అన్నారు.

గురువారం సాయంత్రం అమ్మ కాఫీ ఇస్తూ మాటల్లో మాటగా అంది... 'మీ నాన్న డ్యూటీలో ఉన్నప్పుడు స్లింగుల గొడవ గుర్తుందా? ఎన్నిసార్లు ఇంటికొచ్చి అరిచేవారో!'

నాకు చిన్నప్పటి రాత్రులు గుర్తొచ్చాయి. నాన్న పనిచేసింది క్రేన్ల మెయింటెనెన్సులో. టన్నుల బరువు ఎత్తే వైరు రోపులు, స్లింగులు ఆయన బాధ్యత. అప్పటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం బరువులెత్తే గొలుసుల్నీ తాళ్లనీ కనీసం ఏడాదికోసారి అర్హత ఉన్న మనిషి క్షుణ్నంగా పరీక్షించాల్సి ఉండేది. పరీక్ష తేదీ దాటిన స్లింగుని నాన్న ముట్టుకోనిచ్చేవారు కాదట. 'బాగానే ఉంది కదా సార్, ఈ ఒక్క షిఫ్టూ కానిద్దాం' అని కుర్రాళ్లు అంటే ఆయనకి ఒళ్లు మండేది. 'కంటికి కనబడేదాకా ఆగితే కింద ఉన్నవాడు మిగలడు' అనేవారు. ఆ మాట నాకు ఎనిమిదో క్లాసు నుంచీ కంఠతా వచ్చు.

అదే మాట ఆయనకి తిరిగి అప్పజెప్పాను. అంతే!

నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టారు. కాసేపు ఏమీ అనలేదు. 'స్లింగు వేరు, టైరు వేరు' అంటారేమో అనుకున్నాను. అనలేదు. లేచి, వాకిట్లోకి వెళ్లి, మావాడు చూపించిన చోటే వంగి ఆ నాలుగంకెలూ తనే చదువుకున్నారు. లోపలికొచ్చి, 'రేపు పొద్దున్నే గాజువాక పోదాం' అన్నారు.

అయిదోది మర్చిపోయాం!

టైర్ల షాపు పెద్దాయన ముప్ఫయ్యేళ్లుగా ఆ పనిలో ఉన్నాడట. మా కారు జాకీ ఎక్కించి టైరు విప్పాడు. దాన్ని నేలమీద పెట్టి మోకాలితో బలంగా అదిమాడు. అప్పటిదాకా నిగనిగలాడిన గాడి అడుగున సన్నటి చీలికలు... ఒకటి కాదు, వరసగా! నిలబెట్టి ఉంచినప్పుడు మూసుకుని ఉన్నవన్నీ వంచేసరికి నోళ్లు తెరిచాయి. 'చూశారా బాబుగారూ, ఇది అరిగిపోలేదు... ఎండిపోయింది' అన్నాడు. నాన్న వేలితో తడిమి చూశారు. మాట్లాడలేదు.

కొత్త టైర్లు కొనేటప్పుడు కూడా తేదీ చూసుకోవాలని అప్పటికే తెలుసుకున్నాను కాబట్టి అడిగాను. ఆ ఏడాదిలో తయారైనవే ఇచ్చాడు. తేదీ చూడ్డం పెద్ద విద్యేం కాదు. పక్కగోడ మీద 'డాట్' అనే అక్షరాలతో మొదలయ్యే వరస ఉంటుంది. దాని చివరి నాలుగంకెలు చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. ఒకవైపు కనిపించకపోతే కంగారుపడకండి, రెండోవైపు ఉంటుంది. చివర మూడే అంకెలుంటే మాత్రం అది 2000కి ముందుది. మ్యూజియానికి ఇచ్చెయ్యొచ్చు!

ఒకేసారి నాలుగు మార్చడం బరువనిపిస్తే రెండు మార్చుకోండి. అలా మార్చినప్పుడు కొత్తవి వెనక చక్రాలకి వేయించండి. వెనకవి జారితే కారు గిర్రున తిరిగిపోతుంది, దాన్ని అదుపు చెయ్యడం కష్టం. గాలి మాత్రం పదిహేను రోజులకోసారి, కారు నడవకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించుకోవాలి. ఎంత ఉండాలన్నది చాలా కార్లలో డ్రైవరు తలుపు తెరిస్తే పక్కనే కాగితం మీద ఉంటుంది.

నాలుగు చక్రాలూ బిగించాక డబ్బులు కట్టబోతుంటే నాన్న ఆగారు. 'మరి అయిదోది?' అన్నారు.

స్టెప్నీ! డిక్కీలో చాప కింద పదేళ్లుగా కదలకుండా పడుకున్న టైరు. ఒక్కసారీ రోడ్డు చూడలేదు, మొలకలు కూడా పోలేదు. తేదీ చూస్తే అదీ 2014దే. వేల్స్‌లోని లానెల్లి అనే ఊళ్లో స్టెప్నీ వీధి ఉంది. 1904లో అక్కడ తయారైన అదనపు చక్రానికి ఆ వీధి పేరే పెట్టారు. ఆ పేరు మన నోళ్లలో ఇప్పటికీ ఉండిపోయింది. ఆపదలో ఆదుకోవాల్సింది అదే. పంక్చరై నడిరోడ్డు మీద నిలబడ్డప్పుడు పదేళ్ల స్టెప్నీ బిగించుకుని మిగతా దారంతా వెళ్లడమంటే, గోతిలోంచి లేచి నూతిలో పడ్డట్టే! అదీ మార్పించారు. లెక్క ఇరవై వేలకి చేరింది. నాన్న నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చారు.

పాత టైర్లు ఏమయ్యాయి?

మేం బయల్దేరబోతుంటే షాపాయన 'ఈ పాతవి ఒక్కోటి మూడొందలకి తీసుకుంటాను బాబుగారూ. గాడి బాగుంది, ఎవరో ఒకరు అడుగుతారు' అన్నాడు. అయిదు టైర్లు, పదిహేను వందలు! పాత పేపర్లు కూడా తూకం దగ్గరుండి చూసుకుని అమ్మే మనిషి మా నాన్న. సంతోషంగా ఒప్పుకుంటారనే అనుకున్నాను.

'ఎవరు అడుగుతారు?' అన్నారు నాన్న.

'పాత కార్లవాళ్లు... టాక్సీ తిప్పేవాళ్లు... కొత్తవి కొనలేనివాళ్లు.'

'వాళ్లూ పెళ్లాం బిడ్డల్నే ఎక్కించుకుంటారు కదయ్యా' అన్నారు నాన్న. 'పక్కన కోసెయ్. నా ఎదురుగా.'

షాపాయన ఓ క్షణం ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత లోపలికెళ్లి కత్తి తెచ్చాడు. అయిదు టైర్ల పక్కగోడలూ వరసగా కోశాడు. ఇక వాటిని ఎవరూ కారుకి బిగించలేరు. 'ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకి కడతారు, అక్కడికి పంపేస్తాలెండి' అన్నాడు. బోటు గట్టుకి కొట్టుకోకుండా పక్కన వేలాడే టైర్లని మీరూ చూసే ఉంటారు. ఆ పనికి వయసుతో నిమిత్తం లేదు. ఒకటి ఇంటికి తెచ్చి మేడమీద పూలకుండీ చేద్దామా అని నేనంటే, 'నీళ్లు నిలిచి దోమలు పెంచుతావా?' అని నాన్న కసిరారు. నిజమే, డెంగీ దోమకి పాత టైరుకి మించిన ఇల్లు లేదు.

ఆ తర్వాత ఆదివారం అన్నవరం వెళ్లొచ్చాం. దారిలో ఏమీ జరగలేదు. పాత టైర్లతో వెళ్లినా ఏమీ జరిగి ఉండేది కాదేమో! ఆ మాట నాన్నతో అన్నాను కూడా. 'స్లింగు కూడా అంతే. మార్చిన రోజు ఏమీ జరగదు. అందుకే మారుస్తాం' అన్నారు.

ఇంటికొచ్చాక ఆయన డైరీ తీసి కొత్త టైర్ల మీదున్న నాలుగంకెలు రాసుకున్నారు. పక్కన, అయిదేళ్ల తర్వాత రావాల్సిన సంవత్సరం కూడా వేసి, కింద ఓ గీత గీశారు. మావాడు ఇప్పుడు కాలనీలో ఏ కారు కనిపించినా వంగి పుట్టినరోజు చదివి, యజమాని ఇంటి తలుపు కొట్టి మరీ చెప్పొస్తున్నాడు. కొందరు నవ్వుతున్నారు. ఇద్దరు మాత్రం టైర్లు మార్పించుకున్నారట.

ఈ పేజీ మడిచి పక్కన పెట్టాక ఓసారి మీ కారు దగ్గరికీ వెళ్లి రండి. డిక్కీలో చాప ఎత్తడం మర్చిపోకండేం!